“ఏమీ జరగట్లేదు, కానీ మూసేయబుద్ధి కావట్లేదు”: హాయిగా సాగే మాయా ప్రేమకథల గురించి

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తారు. చిన్నప్పుడు చందమామ, పెళ్లికి ముందు యద్దనపూడి నవలలు వదలకుండా చదివారు, తర్వాత సంసారంలో పడి మానేశారు. మీతో పనిచేసే అమ్మాయి ట్రావిస్ బాల్డ్రీ రాసిన ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ చేతిలో పెట్టింది. అరవై పేజీలు అయ్యాయి. “యుద్ధం లేదు, విలన్ కనపడట్లేదు, ఓర్క్ జాతి ఆవిడ ఒక కాఫీ షాపు కట్టించుకుంటోంది, అంతే. ఏమీ జరగట్లేదు, కానీ మూసేయబుద్ధి కావట్లేదు. ఇది చిన్నపిల్లల పుస్తకమా? తెలుగు మీడియం ఇంగ్లీషుతో దీని తర్వాత ఏం చదవాలి? తొమ్మిదో తరగతి చదివే మా పాపకు ఇవ్వొచ్చా?” అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇది పెద్దవాళ్ల కోసం రాసిన నవలే. ఆపకండి, పూర్తి చేయండి. కాకపోతే “తర్వాత ఏమవుతుంది” అని కాకుండా “ఈ మనిషి ఇక్కడ నిలదొక్కుకుంటుందా” అని మిమ్మల్ని మీరే అడుగుతూ చదవండి. ఈ రకం నవలల్లో కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ప్రేమ కూడా అందులోంచే పుడుతుంది.

నేను నల్లగొండలో చాలా ఏళ్లు అద్దె నవలల షాపు నడిపాను. అది మూసేశాక మిగిలిన పుస్తకాలతో మా ఇంటి ముందు గదిలోనే చిన్న లైబ్రరీ పెట్టాను. ఆదివారం మధ్యాహ్నాలు కొందరు ఆడవాళ్లం కూర్చుని చదువుకుంటాం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఒక అధ్యాయం చదివి, రానివాళ్లకు తెలుగులో చెప్తారు. కొన్నేళ్లుగా అక్కడ ఎక్కువగా చేతులు మారుతున్నవి ఈ పుస్తకాలే. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

మీకు ఏమీ జరగనట్టు అనిపించడానికి ఒక కారణం ఉంది. ఇంగ్లీషు ఫాంటసీ చదివి పెరిగినవాళ్లకు ఓర్క్ అంటే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ నవలల్లో దుష్టశక్తి తరఫున దండెత్తి వచ్చే వికారపు సైనికుడు. రాక్షసుడు అనగానే మనకు ఏం తోస్తుందో ఓర్క్ అనగానే వాళ్లకు అదే తోస్తుంది. అలాంటి జాతిలో పుట్టి, ఏళ్ల తరబడి కత్తి పట్టి బతికిన వివ్, ఇక చాలు అనుకుని ఆ కత్తిని పక్కన పెట్టేస్తుంది. ఎవరికీ కాఫీ అంటే ఏమిటో తెలియని ఊరికి వచ్చి, పాడుబడ్డ గుర్రాలశాల ఒకటి కొంటుంది. ఆ నిర్ణయమే అక్కడి పాఠకులకు పెద్ద సంఘటన.

షాపులో పనికి చేరే టాండ్రి సంగతీ అంతే. ఆమెది సక్యుబస్ జాతి. మనుషులను వలపుతో లొంగదీసుకునే దయ్యాలని పాశ్చాత్య కథలు చెప్పే జాతి అది. టాండ్రి నోరు తెరవకముందే ఎదుటివాళ్లు ఆమెను ఒక రకంగా అనుకునేసి ఉంటారు. వివ్ మాత్రం ఆమె పని చూస్తుంది. బోర్డు గీసిన తీరు చూస్తుంది, గిరాకీ ఎలా పెరుగుతుందో ఆమె చెప్పే మాట వింటుంది. నా లెక్కలో వాళ్ల ప్రేమ మొదలయ్యేది అక్కడే, ముద్దు దగ్గర కాదు. ఇద్దరూ ఆడవాళ్లే అన్నది కూడా ముందే చెప్తున్నాను. మా గుంపులో మొదట ఒకరిద్దరు ఇబ్బందిపడ్డారు, పుస్తకం సగానికి వచ్చేసరికి ఆ ఇద్దరి షాపు ఏమవుతుందోనన్న టెన్షనే మిగిలింది.

ఈ పుస్తకాన్ని రచయిత మొదట 2022లో సొంతంగా వేసుకున్నాడు. అంతకుముందు అతను ఆడియో పుస్తకాలు చదివే గొంతుగా పేరున్నవాడు. చేతుల మీదుగా బాగా పాకడంతో అదే ఏడాది టోర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. పెద్ద మాయాలోకం, చిన్న పణం అనే అర్థం వచ్చేలా అట్ట మీదే రాశారు. లోకం మునిగిపోదు, రాజ్యం కూలిపోదు, పోతే ఒక షాపు పోతుంది, అంతేనని.

ఆ “అంతే” దగ్గర నేను ఒప్పుకోను. జీవితమంతా కూడబెట్టింది ఒక గదిలో పోసి, పొయ్యి వెలిగించి, తలుపు తెరిచి కూర్చుంటే ఒక్కరూ రాకపోవడం చిన్న విషయమా? షాపు నడిపినదాన్ని కాబట్టి బోణీ కాని రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు తెలుసు. మీ ఊళ్లో సాగర్ రోడ్డు మీద బంగారం కుదువపెట్టి టిఫిన్ సెంటర్ తెరిచిన ఏ ఇల్లాలినైనా అడగండి, ఇడ్లీ పిండి మిగిలిపోయిన పొద్దు ఆమెకు రాజ్యం కూలినట్టే ఉంటుంది. వివ్ షాపు తెరిచిన మొదటి రోజును ఆ కంటితో చదవండి. ఆ తర్వాత వీధి మామూళ్ల కోసం వచ్చేవాళ్ల గొడవ ఒకటి వస్తుంది. అది ఎలా తీరుతుందో చెప్పను గానీ, కత్తి చేతిలో ఉన్న మనిషి కత్తి తీయకుండా నిభాయించుకోవడం ఎంత కష్టమో అక్కడ బాగా రాశాడు.

మాయ, ప్రేమ కలిసిన కథలు మనకు కొత్త కాదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాశాడు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు మీకు గుర్తుండే ఉంటాయి. కానీ మన మాయకథల్లో హీరో ఇల్లు వదిలి బయలుదేరతాడు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చూడండి, రాకుమారిని పెళ్లాడాలంటే రాజుతో తులతూగే సంపద కావాలి కాబట్టి తోటరాముడు మాంత్రికుడి వెంట పోతాడు. మాయ సంపద తెస్తుంది, సంపద పెళ్లి తెస్తుంది. ఈ కొత్త నవలల్లో అర్ధరాజ్యం ఇచ్చేవాళ్లు లేరు. సాహసాలన్నీ అయిపోయాకో, అసలు సాహసాలు వద్దనుకున్నాకో కథ మొదలవుతుంది. మాయ వంటింట్లోకి, పెరట్లోకి, తోమని గిన్నెల దగ్గరికి వస్తుంది.

ప్రేమ విషయంలోనూ ఒక తేడా ఉంది. యద్దనపూడి ‘సెక్రటరీ’లో జయంతికి ఎదురుగా నిలబడ్డ రాజశేఖరం చేతిలో డబ్బు ఉంది, హోదా ఉంది. ఆమె ఆత్మాభిమానం వాటితో పెనుగులాడుతుంది, ఆ పెనుగులాట కోసమే మనం రాత్రుళ్లు మేల్కొని చదివాం. ఇక్కడి ప్రియుడికి సాధారణంగా కారు, బంగళా ఉండవు. ఇంటి కప్పు కారుతుంటే నిచ్చెన ఎక్కి బాగుచేస్తాడు. మాటల్లో ప్రేమ చాలా ఆలస్యంగా వస్తుంది, అంతవరకూ పనిలో కనిపిస్తుంది. ఏది గొప్పదని నన్ను అడగకండి, రెండూ నాకు కావాలి. కానీ పొద్దంతా పని చేసి అలసి ఇంటికి వచ్చిన మనిషికి ఈ రెండో రకం ప్రేమ ఎందుకంత తాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ముగింపు సంగతి కూడా చెప్పాలి. మా షాపుకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది నవల చేతిలోకి తీసుకోగానే “అక్కా, ఆఖరుకు కలుస్తరా?” అని అడిగేవాళ్లు. కలుస్తారంటేనే రిజిస్టర్లో సంతకం పెట్టేవాళ్లు. కొందరు పుస్తకం వాపసు ఇచ్చేటప్పుడు చివరి పేజీ ఖాళీలో పెన్సిల్‌తో “భయం లేదు, మంచిగనే అయితది” అని తర్వాతివాళ్ల కోసం రాసిపెట్టేవాళ్లు. ఆ పుస్తకాలు కొన్ని ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఇంగ్లీషు రొమాన్స్ పాఠకులు కూడా ఇదే కోరతారు, అక్కడ అది రాసిన ఒప్పందం లాంటిదే: జంట కలవకపోతే దాన్ని రొమాన్స్ అనరు. ముగింపు ముందే తెలిస్తే ఇక చదవడం ఎందుకని కొందరు తీసిపారేస్తారు. బతుకమ్మ పేర్చేటప్పుడు చివరికి ఎలా ఉంటుందో, సాయంత్రం ఏ చెరువులో కలుస్తుందో అందరికీ తెలుసు. అయినా గునుగు పూలకు రంగు అద్ది, తంగేడు వరస మీద వరస పెడుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు కదలరు. ఈ నవలల్లో మనం చూసేది ఆ పేర్చడాన్నే.

హాయి అంటే దుఃఖం లేకపోవడం కాదు. ఇది చాలామంది పొరపడే చోటు, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను.

సారా బెత్ డర్స్ట్ రాసిన ‘ది స్పెల్‌షాప్’ అని 2024లో వచ్చిన నవల ఉంది. కీలా అనే ఆమె రాజధానిలోని మహా గ్రంథాలయంలో పని చేస్తుంటుంది. మనుషులతో పెద్దగా కలవదు, కాజ్ అనే మాట్లాడే మొక్క ఒక్కటే తోడు. తిరుగుబాటులో గ్రంథాలయం తగలబడిపోతుంటే మంత్రాల పుస్తకాలు పెట్టెల్లో వేసుకుని పడవ ఎక్కి, చిన్నప్పుడు వదిలేసిన దీవికి, తల్లిదండ్రుల పాత ఇంటికి చేరుతుంది. తినడానికి ఏమీ ఉండదు. పెరట్లో పండ్లు ఉంటాయి కాబట్టి జామ్ చేసి అమ్మడం మొదలుపెడుతుంది. మంత్రాలు వాడే హక్కు సామాన్యులకు లేదు, దొరికితే శిక్ష. కానీ రాజధాని పట్టించుకోక దీవి ఎండిపోతూ ఉంటుంది, చెట్లు చస్తుంటాయి. జామ్ షాపు చాటున ఆమె మెల్లగా మంత్రాలతో వైద్యం చేయడం మొదలుపెడుతుంది. పక్కింటి లారన్ అడగకుండానే సాయానికి వస్తుంటాడు, ఆమె వద్దంటూనే ఉంటుంది.

ఈ పుస్తకాన్ని మా గుంపులో ఒక స్టాఫ్ నర్సు చదివింది. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు పల్లె. అమ్మానాన్నలు ముంబైకి, పుణెకు మేస్త్రీల వెంట పనికి పోయిన కుటుంబం. పాలమూరు లేబర్ అంటే తెలియనివాళ్లు ఎవరున్నారు. ఆ అమ్మాయి నాయనమ్మ దగ్గర పెరిగింది, నాయనమ్మ పోయాక ఇంటికి తాళం పడింది. కీలా ఆ పాత ఇంటి తలుపు తెరిచే అధ్యాయం దగ్గర ఆమె పుస్తకం మూసి ఆ వారం మళ్లీ తెరవలేదు. తర్వాతి ఆదివారం వచ్చి, ఆ అధ్యాయం తనే అందరికీ తెలుగులో చెప్పింది. గడప దగ్గర మొలిచిన గడ్డి, అరలో దుమ్ముపట్టిన సామాను, ఏది ముట్టుకున్నా అమ్మ చెయ్యి తగిలినట్టు ఉండడం అన్నీ చెప్తూ, మధ్యలో తెలియకుండానే వాళ్ల ఊరి ఇంటి సంగతుల్లోకి వెళ్లిపోయింది. నాయనమ్మ జొన్నరొట్టె పెంక ఇంకా గోడకు ఆనించే ఉందట. నవలలో ఏది ఎక్కడ ముగిసిందో, ఆమె ఇల్లు ఎక్కడ మొదలైందో మాకు అర్థం కాలేదు, ఎవరూ అడగనూ లేదు.

పోయినదాన్ని చూపించకుండా హాయిని చూపిస్తే అది పాఠకుడికి అంటదు. వివ్ వెనక చంపిన చేతులున్నాయి, కీలా వెనక కాలిపోయిన గ్రంథాలయం ఉంది. అందుకే ఒక కప్పు కాఫీ, ఒక సీసా జామ్ అంత బరువు మోయగలుగుతాయి.

నకిలీలను గుర్తుపట్టడానికి కూడా ఇదే కొలత వాడతాను. 2022 తర్వాత ఈ రకం పుస్తకాలు కుప్పలుగా వచ్చాయి. అట్ట మీద పిల్లి, పొగలు కక్కే కప్పు, పుస్తకాల షాపు, అన్నీ అందంగానే ఉంటాయి. లోపల ప్రతి పేజీలో ఏదో ఒకటి తింటుంటారు, ఎవరికీ దేనికీ కొరత ఉండదు, వచ్చిన ప్రతి కష్టాన్ని మంత్రం తీర్చేస్తుంది. జంట గొడవపడ్డా రెండు వాక్యాల్లో సారీలు అయిపోతాయి. యాభై పేజీలు చదివాక కూడా ఎవరు ఏది పోగొట్టుకుంటామని భయపడుతున్నారో తెలియకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. మీరు చదువుతున్న పుస్తకం ఈ పరీక్షలో నెగ్గుతుంది.

ఇవి అందరికీ నచ్చుతాయని మాత్రం చెప్పను. మా లైబ్రరీకి వచ్చే ఒక గ్రూప్స్ అభ్యర్థికి డిటెక్టివ్ కథలంటే ప్రాణం, ఇలాంటిది రెండుసార్లు ఇచ్చి చూశాను, కుదరలేదు. అతన్ని వదిలేశాను.

ఇక తర్వాత ఏం చదవాలన్నది. మీ ఇంగ్లీషు గురించి బెంగపడకండి. ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ వాక్యాలు చిన్నవి, అది అరవై పేజీలు లాగించారంటే మిగతావి కూడా వస్తాయి. జాతుల పేర్లు, వంటకాల పేర్లు వచ్చినచోట ఆగి డిక్షనరీ తిప్పకండి, రెండో మూడోసారి కనిపించేసరికి అవే తెలుస్తాయి. మాటల్లో వచ్చే క్రియాపదం అర్థం కాకపోతే మాత్రం చూడండి, ఎవరు ఎవరితో ఎలా అన్నారన్నది ఈ నవలల్లో ముఖ్యం.

దీని తర్వాత ‘ది స్పెల్‌షాప్’ తీసుకోండి. మీ లాంటి పాఠకురాలికి అదే సరైన రెండో మెట్టు.

ఆ తర్వాత సంగు మందన్న రాసిన ‘ది వెరీ సీక్రెట్ సొసైటీ ఆఫ్ ఇర్రెగ్యులర్ విచెస్’. ఇది 2022లో వచ్చింది. రచయిత్రి బెంగళూరులో పెరిగి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డారు. కథానాయిక మీకా మూన్ మనదేశంలో పుట్టి, తల్లిదండ్రులు పోయి, ఇంగ్లండ్‌లో ఆయాల చేతుల మీద పెరిగిన మంత్రగత్తె. మంత్రగత్తెలు ఒకరికొకరు దూరంగా ఉండాలి, ఎక్కడా వేళ్లు దిగకూడదు అని ఆమెకు నేర్పారు. అలాంటి మనిషిని ముగ్గురు చిన్న మంత్రగత్తెలకు పాఠాలు చెప్పమని ఒక ఇంటికి పిలుస్తారు. ఆ ఇంట్లో ఎవర్నీ తొందరగా నమ్మని లైబ్రేరియన్ ఒకడుంటాడు. మీకా వచ్చిన మొదట్లో అందరితో నవ్వుతూ ఉంటుంది గానీ, ఎప్పుడు వెళ్లిపోమంటారో అన్నట్టే మసలుతుంది. బంధువుల ఇళ్లలో పెరిగిన పిల్లలను చూసినవాళ్లకు ఆ నవ్వు వెంటనే తెలిసిపోతుంది. నాకు ఈ మొత్తంలో ఎక్కువ ఇష్టమైన మనిషి ఆమే.

ఇప్పుడు మీ పాప సంగతి. ‘రొమాంటసీ’, అంటే రొమాన్స్, ఫాంటసీ కలిసినది, అని రాసి ఉన్న ప్రతి పుస్తకం ఈ రకం కాదు, ఆ మాట చూసి పిల్లలకు కొనకండి. షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ వీటిని 2023లో వచ్చిన ‘ఫోర్త్ వింగ్’ లాంటి వాటితో కలిపి ఒకే అరలో పెడతారు. అందులో డ్రాగన్లు ఉన్నాయి కాబట్టి పిల్లల పుస్తకమనుకుని ఒక తండ్రి ఎనిమిదో తరగతి కూతురికి కొనిచ్చి, తర్వాత నా దగ్గరికి కంగారుగా వచ్చాడు. అది యుద్ధ శిక్షణ, చావులు, పచ్చిగా రాసిన శృంగారం ఉన్న పెద్దవాళ్ల నవల. మీకా మూన్ కథ ఎంత మెత్తనిదైనా అందులోనూ పడకగది ఘట్టం ఉంది, దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ మీరు పూర్తి చేశాక పాపకు ఇవ్వొచ్చు, అందులో ఇబ్బందిపెట్టే శృంగారం లేదు.

పాపకు మొదటి పుస్తకంగా నేనిచ్చేది వేరే ఉంది, డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’. జపాన్ దర్శకుడు మియజాకీ 2004లో దీన్నే యానిమేషన్ సినిమాగా తీశాడు, నవలలో కథ దానికి బాగా తేడాగా ఉంటుంది, కాబట్టి సినిమా చూసినా నష్టం లేదు. సోఫీ ముగ్గురు అక్కాచెల్లెళ్లలో పెద్దది. పెద్దదాని బతుకు ఇంతే అని తనకు తానే తీర్పు చెప్పుకుని టోపీల షాపులో కుట్టుకుంటూ కూర్చుంటుంది. శాపం తగిలి ముసలమ్మ అయిపోతుంది. చిత్రమేమిటంటే, ముసలి ఒళ్లు వచ్చాకే ఆమెకు నోరు లేస్తుంది. మాంత్రికుడు హౌల్ కోటలోకి జొరబడి, పిలవకుండానే పనిమనిషినని చెప్పుకుని, బూజు దులిపి, పొయ్యిలో ఉన్న అగ్నిభూతంతో బేరం పెట్టుకుంటుంది. హౌల్ అద్దం ముందు గంటలు గడిపే సోకులరాయుడు, మాట మీద నిలబడడు. వాళ్లిద్దరూ పోట్లాడుకుంటూనే దగ్గరవుతారు. ఇంటికి పెద్ద కూతురిగా పుట్టిన ప్రతి అమ్మాయి చేతిలోనూ ఈ పుస్తకం పెడతాను.

హెదర్ ఫాసెట్ రాసిన ‘ఎమిలీ వైల్డ్స్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫేరీస్’ పేరు మీకు ఎవరైనా చెప్పొచ్చు, 2023లో వచ్చింది. మంచు ఊళ్లో మాయజీవుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరమ్మ డైరీ అది. చాలా మంచి పుస్తకం, కానీ ఇంగ్లీషు పాతకాలపు ధోరణిలో ఉంటుంది, పేజీల అడుగున ఫుట్‌నోట్లు కూడా ఉంటాయి. రక్తం కనిపించే ఘట్టాలు కూడా ఒకటి రెండు ఉన్నాయి. మిగతావి అయ్యాక తీసుకోండి.

కొనేముందు కిండిల్ యాప్‌లో ఉచిత శాంపిల్ దించుకుని మొదటి అధ్యాయం చదివి చూడండి. మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం అక్కడే వస్తుంది. వింటే బాగా అర్థమవుతుందనుకుంటే, ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ ఆడియో పుస్తకాన్ని బాల్డ్రీయే చదివాడు. పుస్తకం చేతిలో పెట్టుకుని అది వింటే ఓర్క్‌ల పేర్లు పలకడం కూడా వచ్చేస్తుంది. అచ్చు పుస్తకమే కావాలంటే ఏదైనా ఆదివారం హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకండి. కొత్తవి అక్కడ అరుదు గానీ, ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’ పాతది కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ. నల్లగొండ వైపు వస్తే మా ఇంటి లైబ్రరీలో ‘ది స్పెల్‌షాప్’ ఉంది, డిపాజిట్ అక్కర్లేదు.